మూడో జడ్జి

ముప్పై ఒకటో పేజీలో పంపుకి సున్నా జారిపోయింది. 'మూడు హార్స్‌పవర్ పపు' అని ఉంది. ఆయన ఎర్ర పెన్సిలుతో రెండు అక్షరాల నడుమ సన్నటి గీత గీసి, మార్జినులో గుండ్రంగా సున్నా చుట్టాడు. ఆ కింది వరుసలో 'నీటి వేగము' 'నీటి వేగాము' అయింది. దానికీ గీత పడింది. మామూలుగా ఆయన పెన్సిలు కాగితాన్ని తాకీ తాకనట్టు నడుస్తుంది. ఇవాళ మాత్రం ములుకు రెండుసార్లు విరిగింది. రెండోసారి చెక్కుకుంటూ గోడ గడియారం వంక చూశాడు. తొమ్మిదీ పది.

బల్ల కింద ఆయన సంచిలో, మడత నలగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టిన తెల్లచొక్కా ఉంది. ఆ సంగతి ప్రెస్సులో ఎవరికీ తెలియదు.

రెండు వీధుల అవతల హైస్కూల్లో ఇవాళ పోటీలు. పొద్దున చిన్న క్లాసులకి పద్యాలు, ఆ తరువాత పెద్ద క్లాసులకి ఉపన్యాసాలు. ఏటా వారం రోజుల ముందే బడి నుంచి కవరు వచ్చేది: 'న్యాయనిర్ణేతగా విచ్చేయ ప్రార్థన'. ఈ ఏడు రాలేదు. ఎనిమిది రోజులుగా గుమ్మంలో నీడ పడ్డప్పుడల్లా తలెత్తి చూశాడు. నిన్న రాత్రి భోజనాల దగ్గర అక్కతో, "ఈసారి పిలవలేదులే. మంచిదే అయింది, పంపుల కేటలాగు మీద పడి ఉంది" అన్నాడు. అక్క సరేనంది. పొద్దున కొక్కేనికి తెల్లచొక్కా లేకపోవడం చూసి కూడా ఏమీ అనలేదు.

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. నలభై నాలుగేళ్ళుగా బల్ల మీదికి వంగి వంగి భుజాలు ముందుకి వచ్చేశాయి. కుడిచేతి నడిమివేలు పక్కన పెన్సిలు ఒరిసి ఒరిసి కాయ కాసింది, ఆ కాయకి ఎరుపు ఎక్కి ఎన్నిసార్లు కడిగినా పోదు. చదివేటప్పుడు పెదవులు కదులుతాయి. కళ్ళజోడు లేకపోతే ఎదురుగా ఉన్న మనిషిని గొంతును బట్టి పోల్చుకోవాల్సిందే. చెవులు మాత్రం పెద్దవి, పనితనం కూడా గట్టిది.

ఎనిమిదో క్లాసులో ఉండగా నాన్న పోతే, బడి మాని ఈ ప్రెస్సులోనే సీసపు అక్షరాలు పేర్చే పనిలో చేరాడు. అక్షరాల పెట్టెలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఆయన ప్రూఫుల బల్ల దగ్గరికి మారాడు. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చి రెండుసార్లూ తప్పిపోయింది, మూడోసారి ఎవరూ ఎత్తలేదు. చిన్నప్పుడే భర్త పోయిన అక్క వచ్చి తమ్ముడి దగ్గర ఉండిపోయింది. ఆవిడ మిషను మీద బడిపిల్లల యూనిఫాములు కుడుతుంది. ఈయన అచ్చుతప్పులు వెతుకుతాడు. ఇంట్లో గొడవలంటే రేడియో ఎంత పెద్దగా పెట్టాలన్న దాని మీదే.

ప్రెస్సులో ఆయన్ని అందరూ 'కామాగారు' అంటారు. చాలా ఏళ్ళ కింద ఒక దగ్గుమందు కాగితం మిషను ఎక్కి రెండువందలు అచ్చయిపోయాక, ఆయన అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చి మిషను ఆపించాడు. 'పెద్దలకు, పిల్లలకు వద్దు' అన్న దగ్గర పెద్దల తరువాత కామా పడలేదట. ఆ రెండువందల కాగితాలూ చించవలసి వచ్చింది. యజమాని తిట్టాడు. మరునాడు ఆ తిట్టిన నోటితోనే పెట్టిన పేరు అది.

తొమ్మిదింపావుకి గుమ్మంలో నీడ పడింది. బడి ఆయా. పైటతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చేసింది.

"సార్, డాక్టరుగారు రావట్లేదంట. ఆయనకే కడుపులో బాగోలేదంట. మిమ్మల్ని ఉన్నపళంగా తీసుకురమ్మన్నారు హెడ్మాస్టరుగారు."

కామాగారు ఒక్క క్షణం పేజీ మీదికి చూశాడు, అందులో ఇంకా ఏదో దిద్దాలన్నట్టు. తరువాత పెన్సిలు కింద పెట్టాడు.

"పని ఉందమ్మా. యజమాని ఏమంటారో మరి."

యజమాని గల్లా దగ్గరి నుంచే అన్నాడు: "పంపులు ఎక్కడికీ పారిపోవు. వెళ్ళిరండి కామాగారూ. మీరు వెళ్ళకపోతే ఈవేళ పెన్సిళ్ళన్నీ అయిపోయేలా ఉన్నాయి."

కాగితం రీముల గదిలోకి వెళ్ళి చొక్కా మార్చుకున్నాడు. చేతులు తొందరపడుతున్నాయి. బయటికి రాగానే కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి తల తిప్పి చూసి నవ్వు ఆపుకుంది.

"కామాగారూ, ఒక తప్పుంది."

"ఎక్కడ?"

"పైనుంచి రెండో బొత్తాం. మూడో కాజాలో ఉంది."

ఊరందరి తప్పులూ పట్టే మనిషికి తన గుండెల మీది తప్పు కనబడలేదు. ప్రెస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వుతూ బొత్తాలన్నీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇరవై మూడేళ్ళ కింద ఇలాగే ఎవరో రాకపోతే, ప్రశ్నపత్రాలు అచ్చు వేయించడానికి వచ్చిన అప్పటి హెడ్మాస్టరు చేతికందిన మనిషిని లాక్కుపోయాడు. అప్పటి నుంచీ ఆయనే మూడో జడ్జి. మొదటి ఇద్దరూ పెద్దవాళ్ళు: ఒక లాయరో, డాక్టరో, కాలేజీ ప్రిన్సిపాలో. వాళ్ళిద్దరి మాటా ఎప్పుడూ ఒకటే అయ్యేది. వాళ్ళ మార్కులు కూడగానే ఫలితం తేలిపోయేది. మూడో కాగితం కూడా లెక్కలో వేసేవాళ్ళు గాని, అది కలిపినా కలపకపోయినా ఏ ఏడూ ఏ బహుమతీ మారలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసినా, ప్రాణాలన్నీ చెవుల్లో పెట్టుకుని వినేవాడు. ఉచ్చారణలో ఒక్కో తప్పుకి అరమార్కు కోత. అందులో దయాదాక్షిణ్యాలు లేవు. పిల్లలు ఆయన్ని 'అరమార్కు సార్' అనేవాళ్ళు.

వీధిలో ఆయా కన్నా ముందు నడిచాడు. బడి మెట్ల మీద మాత్రం ఆగవలసి వచ్చింది. మలుపు దగ్గర కమ్మీ పట్టుకుని, నోటితో గాలి పీల్చుకుంటూ నిలబడ్డాడు.

"నిదానం సార్. మీరు లేకుండా మొదలుపెట్టరులే."

"పెడతారమ్మా. నాకు తెలుసు, పెడతారు" అని మళ్ళీ ఎక్కాడు.

పై వరండాలో ఆయనకి ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం ఉంది. నలభైమంది పిల్లలు గోడలకి మొహాలు పెట్టి, ఎవరికి వాళ్ళే గొణుక్కుంటున్నారు. ఒకడు కిటికీ ఊచతో వాదిస్తున్నాడు. ఒక పిల్ల స్తంభానికి నమస్కారం పెట్టి, వెనక్కి వచ్చి మళ్ళీ పెట్టింది. ఇంకొకడు కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఆకాశానికెత్తి, అక్కడే ఆగిపోయి, తరువాతి మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ గొణుగుడంతా కలిసి తేనెపట్టు చప్పుడులా ఉంది. ఆ చప్పుడు చెవిన పడగానే ఆయన ఆగి, తల వంచి విన్నాడు. "అరమార్కు సార్ వచ్చాడ్రోయ్" అని ఎవరో గుసగుసలాడారు. ఆ మాట వరండా ఆ చివరిదాకా పాకింది.

హాల్లో జడ్జీల బల్ల మీద డాక్టరుగారి పేరు రాసిన అట్ట ఉంది. ఎవరో దాన్ని వెనక్కి తిప్పి పెట్టారు. ఆ ఖాళీ అట్ట వెనక కామాగారు కూర్చున్నాడు. పక్కన లాయరుగారు, అటు పక్కన రిటైరైన పెద్ద టీచరమ్మ. స్టేజీ కింద చిన్న బల్ల దగ్గర లెక్కల టీచరు, ముందు ఇత్తడి గంటతో. సమయం దాటితే ఎవరినీ ఉపేక్షించదని ఆవిడకి పేరు.

పద్యాలు మొదలయ్యాయి. మొదటి పిల్లవాడు నాలుగు పాదాలూ ఒక్క ఊపిరిలో చెప్పేసి, ఊపిరి తీసుకోవడం స్టేజీ దిగాక మొదలుపెట్టాడు. ముందుపళ్ళు ఊడిన ఒక పిల్ల నోట్లోంచి ప్రతి 'స'తోనూ ఈల వచ్చింది. మొదటి వరుస దానికి తాళం వేసింది. ఇంకొకడు రెండో పాదం తరువాత "ఆ తరువాత... ఆ తరువాత..." అని ముగ్గురు జడ్జీల మొహాలూ వరసగా చూసి, ఎవరి దగ్గరా అది లేదని తేల్చుకుని, దండం పెట్టి హాయిగా వెళ్ళిపోయాడు. కామాగారి పెదవులు ప్రతి పద్యంతోనూ కదిలాయి. ఆగిపోయిన వాళ్ళకి ఆ పెదవులు చూసి అందిపుచ్చుకోవచ్చని పాత పిల్లలకి తెలుసు. ఆయనకి మాత్రం తెలియదు.

టీ తాగాక ఉపన్యాసాలు. విషయం: శ్రమ.

ఎనిమిదిమంది మాట్లాడారు. ఆరో పేరు పదో క్లాసు అమ్మాయిది. మూడేళ్ళుగా మొదటి బహుమతి ఆమెదే. నూనె రాసి బిగించిన రెండు జడలు, గీత గీసినట్టు నడక. మైకు ముందు నిలబడి హాలంతా ఒకసారి కలయజూసి మొదలుపెట్టింది.

"మానవాళి ప్రగతి రథానికి శ్రమయే ఇరుసు."

శ దగ్గర శ, ష దగ్గర ష. ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచింది, ఎక్కడ చెయ్యి ఎత్తాలో అక్కడ ఎత్తింది. గంటకి సరిగ్గా రెండు సెకన్ల ముందు దండం పెట్టింది. కామాగారి కాగితం మీద ఉచ్చారణ గడిలో ఒక్క టిక్కు కూడా పడలేదు. పదికి పది వేశాడు. విషయం గడి దగ్గర పెన్సిలు కాసేపు ఆగింది. ఆ రథం ఆయనకి తెలుసు. అక్షరం చూస్తే మరిచిపోని మనిషి, మాట వింటే మాత్రం మరిచిపోతాడా. ఇరవైకి పదమూడు వేశాడు.

ఏడో పేరు తొమ్మిదో క్లాసు అబ్బాయిది. ఎప్పుడూ చూసిన మొహం కాదు. చొక్కా చేతులు మణికట్టు పైనే ఆగిపోయాయి. మైకు దగ్గరికి వచ్చి, అది తనకన్నా ఎత్తుగా ఉందని చూసి, కిందికి దించకుండా తానే మునివేళ్ళ మీద నిలబడ్డాడు.

"స్రమ," అన్నాడు.

లాయరుగారు ఒక వేలు మడిచారు. కామాగారు టిక్కు పెట్టాడు. విషయం పేరే తప్పు పలికిన మనిషిని ఆయన ఇరవై మూడేళ్ళలో చూడలేదు.

"స్రమ గొప్పదని అందరూ చెప్పారండి. మా అమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. రాత్రి నేను మా అమ్మని అడిగాను, స్రమ గొప్పదంటమ్మా, అందులో ఏం గొప్పుందో చెప్పు, రేపు మాట్లాడాలి అని. అంత గొప్పదైతే చెప్పినవాళ్ళనే చెయ్యమను అంది."

హాలు గొల్లుమంది. హెడ్మాస్టరు కూడా నవ్వి, నవ్వినందుకు దగ్గాడు. అప్పటికి కామాగారి కాగితం మీద నాలుగు టిక్కులు పడ్డాయి. అబ్బాయి నవ్వలేదు. నవ్వు తగ్గేదాకా మునివేళ్ళ మీదే ఆగాడు.

"తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో నాకు తెలిసేది కాదండి. ఒకసారి అమ్మ అన్నం డబ్బా మరిచిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. ఒకటి ఎత్తి చూశాను. రెండోది ఎత్తలేదు. మా అమ్మ రోజుకి ఎన్నెత్తుతుందో లెక్కపెట్టదు. లెక్కపెడితే ఇంక ఎత్తలేనంటుంది. ఇంటికొచ్చి అన్నం తింటూ నిద్రపోతుంది. ముద్ద చేతిలోనే ఉంటుంది. నేను కంచం తీసి పక్కన పెట్టి, చెయ్యి కడుగుతాను. లేవదు. పొద్దున లేచి, రాత్రి నేను తిన్నానా అని నన్నే అడుగుతుంది. తిన్నావని చెబుతాను. అందుకని నేను స్రమ గొప్పదని చెప్పనండి. అలిసిపోయిన మనిషికి చెయ్యి కడగడం మాత్రం నాకు వచ్చు. అదే చెప్పడానికి వచ్చాను."

ఇంకా అర నిమిషం మాట్లాడాడు. గంట మోగింది. దిగి వెళ్ళిపోయాడు. చప్పట్లు వెంటనే రాలేదు. ముందు ఆయా వెనకనుంచి కొట్టింది, తరువాత అందరూ.

కామాగారు కాగితం చూసుకున్నాడు. ఉచ్చారణ గడిలో నాలుగు టిక్కులు ఉన్నాయి. పెన్సిలు బల్ల మీద, ఆయన చేతికి జానెడు దూరంలో పడి ఉంది. ఎప్పుడు కింద పెట్టాడో జ్ఞాపకం రాలేదు.

ఎనిమిదో పిల్ల కూడా అయ్యాక ముగ్గురూ కాగితాలు పట్టుకుని లైబ్రరీ గదిలోకి వెళ్ళారు. హెడ్మాస్టరు కూడి చూసి, మళ్ళీ కూడాడు.

"ఇదేమిటండీ, ఇద్దరికీ సరిసమానం. లాయరుగారు అమ్మాయికి నలభై ఆరు, అబ్బాయికి నలభై. టీచరమ్మగారు దానికి సరిగ్గా తిరగేశారు. ఇద్దరికీ ఎనభై ఆరే." ఆయన మూడో కుర్చీ వైపు తిరిగాడు. "మరి మీ కాగితం?"

 ఇరవై మూడేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. కామాగారు కాగితాన్ని రెండు చేతులతో అందించాడు. అమ్మాయికి నలభై రెండు. అబ్బాయికి నలభై మూడు.

లాయరుగారు ఆ కాగితం అందుకుని చూశారు. ఆయన చెడ్డమనిషి కాదు, లెక్క మనిషి.

"ఏమండీ, ఆ కుర్రాడు పదకొండుసార్లు తప్పు పలికాడు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. మీరు నాలుగే వేశారు. మీ అరమార్కు లెక్క ప్రకారం ఇంకో మూడున్నర పోవాలి. అది దిద్దుకోండి, సరిపోతుంది. మీరు తప్పు వదిలేశారంటే ఎవరు నమ్ముతారు?"

పెద్ద టీచరమ్మ లేచి కిటికీ దగ్గరికి నడిచింది. కామాగారు ఎర్ర పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. లాయరుగారు చెప్పింది నిజమే. ఆయన తన వేళ్ళనే నమ్మినట్టు లాయరుగారి వేళ్ళను నమ్మాడు. ఏడు టిక్కులు, ఏడు చిన్న గీతలు. ఎన్నేళ్ళుగానో ఎంతమంది పిల్లల దగ్గర కోశాడు. ఒక ఏడు నత్తి ఉన్న పిల్ల దగ్గర కూడా కోశాడు. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. ఆ ఏడు ఇంటికి వెళ్ళి అక్కతో చెబితే, "నీ పెన్సిలుకి కళ్ళే గాని చెవుల్లేవురా" అంది. అప్పుడు కోపం వచ్చింది. పెన్సిలు మళ్ళీ కింద పెట్టాడు.

"నా కాగితంలో నాలుగే ఉన్నాయండి."

"మిగతా ఏడూ వినబడలేదా?"

"వినబడలేదండి."

"చెవులు బాగానే ఉన్నాయా?"

"ఇందాక వరండాలో ఒకడు 'ళ'కి 'ల' అంటే ఇక్కడ కూర్చుని విన్నానండి. చెవులు బాగానే ఉన్నాయి. వినబడనివాటికి గీత పెట్టలేను. పెడితే అది మీ కాగితమవుతుంది, నాది కాదు."

 లాయరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సరే. మూడు కాగితాలూ కలిపితేనే ఫలితం, అందులో నాకు పేచీ లేదు. కానీ జడ్జీల తరఫున రెండు మాటలు చెప్పవలసింది నేను. ఇది నేను చెప్పలేను. మీరే చెప్పండి."

"నేనా?"

"తీర్పు రాసినవాడే చదవాలండీ. కోర్టులో అయినా అంతే."

కామాగారు ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. బడిలో ఉన్న ఎనిమిదేళ్ళలో ఎక్కమన్నవాళ్ళు లేరు, తరువాత స్టేజీలే లేవు. వేలకొద్దీ ఉపన్యాసాలు విన్నాడు, ఒక్కటీ ఇవ్వలేదు. మూడు మెట్లు ఎక్కి మైకు ముందుకి వచ్చేసరికి, ఆ అబ్బాయికి ఎత్తయిన మైకు ఆయనకీ ఎత్తే అయింది. మునివేళ్ళ మీద లేచాడు. ముందు వరుస కిసుక్కుమంది. మూడువందల మొహాలు. ఆయన కళ్ళజోడులోంచి అవి అచ్చు సరిగ్గా పడని పేజీలా మసకగా ఉన్నాయి.

"నేను," అన్నాడు. గొంతు స్పీకర్లలోంచి తిరిగి వచ్చి తనకే కొత్తగా వినబడింది. "నేను ప్రూఫులు దిద్దుతాను. నలభై నాలుగేళ్ళ నుంచి అదే పని. నాకు తప్పులు తప్ప ఇంకేమీ కనబడవు. మా అక్క మాట్లాడుతుంటే కూడా దిద్దుతాను. అందుకే ఆవిడ నాతో తక్కువ మాట్లాడుతుంది."

నవ్వులు. ఆయన అదిరిపడి, తరువాత అవి మంచి నవ్వులే అని గ్రహించాడు. మడమలు కిందికి దించి, రెండు చేతులతో మైకు పట్టుకుని తన నోటి దగ్గరికి వంచుకున్నాడు.

"మొదటి బహుమతి తొమ్మిదో క్లాసు అబ్బాయికి. అతను పదకొండు తప్పులు పలికాడని లాయరుగారు చెప్పారు. ఆయన లెక్క తప్పదు. నేను నాలుగే విన్నాను. ఐదోది పలికేసరికి నేను ఈ హాల్లో లేను. వాళ్ళ అమ్మ కంచం దగ్గర ఉన్నాను. మాట అంటే అదేనేమో అనిపించింది. తప్పులంటారా, దిద్దవచ్చు. దిద్దడానికి నాలాంటివాళ్ళు ఉన్నారు, జీతం తక్కువే. చెప్పడానికి ఏమీ లేకపోతే మాత్రం మేము ఏమీ చెయ్యలేం."

 ఆయనకి ఇంకా చెప్పాలనిపించింది. ఇన్నేళ్ళూ ఎక్కడున్నాయో తెలియని మాటలు ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడ్డాయి.

"బాబూ, అలాగని వదిలిపెడతాననుకోకు. శ్రమ. శ. నాలుకని పళ్ళ దగ్గరికి పోనీకు, కాస్త వెనక్కి, పైకి. రోజూ వందసార్లు. మీ అమ్మగారి ముందు కూర్చుని అను, ఆవిడకి నిద్ర రాకుండా ఉంటుంది. ఇంకొక మాట. నేను ఇన్నేళ్ళలో చాలామంది పిల్లలకి అరమార్కు..."

టంగుమని గంట మోగింది.

లెక్కల టీచరు గంట మీద చెయ్యి అలాగే ఉంచి నాలుక కరుచుకుంది. అలవాటు కొద్దీ గడియారం చూసి కొట్టేసింది. హాలంతా విరగబడి నవ్వింది. హెడ్మాస్టరు లేచి, "మీరు కానివ్వండి, కానివ్వండి" అన్నాడు. కామాగారు తల అడ్డంగా ఊపాడు. నియమం నియమమే. చేతులు జోడించి, వాక్యం సగంలో వదిలేసి దిగిపోయాడు. చప్పట్లు ఆయన మెట్లు దిగి, నడిచి, ఖాళీ అట్ట వెనక కూర్చునేదాకా ఆగలేదు. లాయరుగారు కూడా కొట్టారు. వంగి చెవిలో అన్నారు: "ఒక్క తప్పు కూడా లేదండీ. నేను లెక్కపెట్టాను."

సాయంత్రం పిల్లలు చెదిరిపోతుంటే ఆయన కొళాయి దగ్గర ఆగి, దోసిలితో నీళ్ళు తాగాడు. తల ఎత్తేసరికి రెండు జడల అమ్మాయి ఎదురుగా ఉంది. రెండో బహుమతి కాగితం గొట్టంలా చుట్టి పట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు నిలకడగానే ఉంది.

"నాకెక్కడ పోయిందో చెప్తారా సార్?"

"ఎక్కడా పోలేదమ్మా. పెన్సిలు పెట్టడానికి నాకు చోటే దొరకలేదు."

"మరి?"

ఆయన కొళాయి కట్టేశాడు. అబద్ధం చెప్పడం తేలికే. ఆ పిల్ల అడిగింది అబద్ధం కాదు.

"ఆ రథం మూడేళ్ళ నుంచీ అదేనమ్మా. ముందటేడు దానికి ఇరుసు విద్య. నిరుడు కాలం. ఈ ఏడు శ్రమ. ఇరుసు మారుతోంది గాని బండి అక్కడే ఉంది."

అమ్మాయి మొహం కందిపోయింది. ఆ తరువాత, తనకే ఇష్టం లేకుండా, ఒక నవ్వు బయటికి వచ్చేసింది.

"నాన్న రాసిస్తారు సార్."

"బాగా రాస్తారు. ఆయనే వచ్చి మాట్లాడితే ఫస్టు ఇచ్చేసేవాణ్ణి."

ఈసారి ఇద్దరూ నవ్వారు. ఆమె చుట్టిన కాగితంతో కొళాయి గట్టు మీద చిన్నగా కొట్టింది.

"నేను రాస్తే తప్పులుంటాయి సార్. చాలా ఉంటాయి."

"ఉండనీ. రాసి నా దగ్గరికి తీసుకురా. ప్రెస్సు ఎవరినడిగినా చూపిస్తారు. పక్కన మార్జిను మాత్రం వదులు."

"ఎంత వదలాలి?"

కామాగారు నాలుగు వేళ్ళు దగ్గరగా పెట్టి గాలిలో చూపించాడు. ఆమె తన నాలుగు వేళ్ళు చూసుకుంది, అవి సన్నగా ఉన్నాయని ఐదోది కూడా కలిపింది.

ప్రెస్సుకి వెళ్ళి ఇంకో ఆరు పేజీల పంపులు దిద్దాడు. మధ్యమధ్య కంప్యూటరు అమ్మాయికి, మిషను మేస్త్రికి, బిల్లు పుస్తకాల కోసం వచ్చిన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి కూడా జరిగింది చెప్పాడు. దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేరాడు. అక్క కుట్టు ఆపి, సూది నోట్లో పెట్టుకుని విన్నది.

"నువ్వు మాట్లాడావా? మైకులో?"

"మాట్లాడానే అక్కా."

"ఏదీ, నిలబడి చెప్పు. నా గురించి ఏమన్నావో నిజం తెలియాలి."

గుమ్మం దగ్గర నిలబడి మొత్తం చెప్పాడు, మునివేళ్ళతో సహా. తన గురించి చెప్పిన దగ్గర అక్క సూది తీసి నవ్వింది. గంట మోగిన దగ్గర ఆగితే, "మోగిందిలే, ఆ సగం మాటేదో పూర్తి చెయ్యి. ఇక్కడ లెక్కల టీచరు లేదు" అంది. ఆయన నోరు తెరిచి, ఆలోచించి, కూర్చున్నాడు.

"అప్పుడు వచ్చిందే. ఇప్పుడు గుర్తు రావట్లేదు. రేపు వస్తుందిలే."

మంచం ఎక్కాక కూడా చాలాసేపు ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయని అక్క తరువాత చెప్పింది. మరునాడు పొద్దున టీ పెట్టి రెండుసార్లు పిలిచింది. మూడోసారి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. మొహం ప్రశాంతంగా, ఏదో చెప్పబోతున్నట్టు ఉంది.

ప్రెస్సు రెండు రోజులు మూశారు. మూడో రోజు తెరిచాక మధ్యాహ్నం బడి గంట కొట్టిన కాసేపటికి గుమ్మంలో నీడ పడింది. యజమాని తలెత్తాడు. రెండు జడల అమ్మాయి చేతిలో నాలుగు ఠావులు పట్టుకుని, లోపలికి తొంగి చూస్తోంది. విషయం ఆమెకి బడిలో నిన్ననే తెలిసింది. అయినా వచ్చింది.

"సార్ తెమ్మన్నారండి," అంది.

యజమాని కుర్చీలోంచి సగం లేచాడు. కంప్యూటరు అమ్మాయి లేచి వచ్చి, ఆ కాగితాలు అందుకుని, ఆయన బల్ల దగ్గరికి తీసుకెళ్ళి మధ్యలో సర్ది పెట్టింది. ఫ్యాను గాలికి ఎగరకుండా పైన ఒక పాత సీసపు అక్షరాన్ని ఉంచింది. అమ్మాయి కొంచెంసేపు చూసి వెళ్ళిపోయింది.

ఆమె సొంత చేతిరాత. కొట్టివేతలు, వంకర వరసలు, మొదటి వాక్యంలోనే రెండు తప్పులు. వాటి పక్కన, పైనుంచి కిందిదాకా, ఐదు వేళ్ళ వెడల్పున తెల్లటి మార్జిను.